మైకులో చెప్పని ఉద్యోగం

మా ఇంట్లో నన్ను ఏడాదికి రెండుసార్లు ఇస్త్రీ చేస్తారు. ఆగస్టు పదిహేనుకు ఒకసారి, జనవరి ఇరవయ్యారుకు ఒకసారి. నన్నంటే నా తెల్లచొక్కాను. నా భార్య దానికి గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, పెట్టెలోంచి నా మెడల్స్ తీసి తుడిచి, ఎడమ జేబు మీద వరసగా గుచ్చుతుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసి, వరస వంకరగా ఉందని మళ్ళీ తీసి గుచ్చుతుంది. మిగతా మూడు వందల అరవై మూడు రోజులూ నేను ఏ చొక్కా వేసుకున్నానో ఆమెకు పట్టదు.

ఆ రెండు రోజులూ మా ఊరు ఐరాలలో ఇంటికి దగ్గరలో ఉన్న హైస్కూలు వాళ్ళు నన్ను జెండా వందనానికి పిలుస్తారు. సైన్యంలో పదిహేడేళ్ళు చేసి వచ్చినవాణ్ణి కదా. జెండా ఎగరేసేది హెడ్మాస్టరు. తాడు లాగగానే మడతల్లో దాచిన చామంతి రెక్కలు మా నెత్తిన రాలతాయి. నేను సెల్యూట్ చేస్తాను. తర్వాత మైకు ముందుకెళ్ళి పిల్లలకు నాలుగు మాటలు చెబుతాను. పదకొండేళ్ళ పాటు అవే నాలుగు మాటలు. సరిహద్దు, మంచు, చలి, కంటి మీద కునుకు లేని కాపలా, దేశం కోసం ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళిన యువకులు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పకుండా వదిలేసింది మాత్రం ఒకటుంది. నేను సైన్యంలో వంటవాణ్ణి.

ఇది ఎట్లా మొదలైందో చెప్పాలి. నేను పదవీ విరమణ చేసి వచ్చిన ఏడాది, అప్పటి హెడ్మాస్టరు జెండా కింద నిలబడి, బార్డర్‌లో పనిచేశారా సార్ అని అడిగాడు. చేశానన్నాను. మా వంటగది బార్డర్‌లోనే ఉండేది. ఆయన మైకు అందుకుని, శత్రువు తూటాలకు ఎదురొడ్డిన మన ఊరి ముద్దుబిడ్డ అన్నాడు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య లేచి, అయ్యా నేను తూటాలకు కాదు, ఉల్లిపాయలకు ఎదురొడ్డాను అనడం ఎవరివల్ల అవుతుంది? నావల్ల కాలేదు. మరుసటి ఏడాది అసలు కాలేదు. ఆ తర్వాత అది నా ఉద్యోగమే అయిపోయింది. నా భార్యకు నిజం తెలుసు. ఆమె దాన్ని గడప దాటనివ్వలేదు.

ఇంట్లో నేను గరిటె పట్టను. పట్టనివ్వదు. వచ్చిన కొత్తలో ఒకరోజు ఉత్సాహపడి సాంబారు పెట్టాను. ఇద్దరి కోసమే అనుకుని మొదలుపెట్టాను, చెయ్యి మాట వినక వందమంది కొలత పడింది. ఆ సాంబారు వీధి చివరి దాకా గిన్నెల్లో నడిచింది.

సైన్యంలోకి ఎందుకు వెళ్ళానో కూడా మైకులో చెప్పేది ఒకటి, జరిగింది ఒకటి. మైకులో దేశభక్తి. జరిగింది బెల్లం.

మాకు చెరకు తోట, గానుగ ఉండేవి. పెనంలో రసం కాగుతుంటే పాకం ఎప్పుడు దించాలో మా నాయనకు వాసనతో తెలిసేది. మా ఊళ్ళో పాకం చూడనివ్వడమంటే కొడుకుని పెద్దవాణ్ణి చేసినట్టు. నేను సైన్యంలో చేరిన ఏడు ఆ పని మొదటిసారి నాకు ఇచ్చాడు. పక్క గానుగ దగ్గర ఒకతను వచ్చి పలకరిస్తే మాటల్లో పడ్డాను. పాకం ముదిరి మాడింది. ఆ పెనం బెల్లం నల్లగా, చేదుగా దిగింది. నాయన ఒక్క మాట అనలేదు. మాడిన దిమ్మల్ని కూడా మంచివాటితో పాటు బండికెత్తి చిత్తూరు మండీకి తోలుకుపోయాడు, నన్నూ ఎక్కించుకున్నాడు. అక్కడ వచ్చినవాడల్లా ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, ఉమ్మేసి, ఎవరు వండినారప్పా అని అడిగాడు. నాయన అందరికీ ఒకటే చెప్పాడు, నేనే వండినాను అని.

తిట్టినా బాగుండేది. నా తప్పు ఆయన మోస్తుంటే చూడలేకపోయాను. ఆ వారంలోనే చిత్తూరులో సైన్యం భర్తీ జరుగుతోందని తెలిసి, ఇంట్లో చెప్పకుండా వెళ్ళి వరసలో నిలబడ్డాను. ఎత్తూ ఛాతీ చూసి, ఏం పని వచ్చని అడిగారు. బెల్లం వండడం వచ్చన్నాను. అది కూడా సరిగ్గా రాదని ఆ క్షణంలో చెప్పబుద్ధి కాలేదు. నాకు వంటవాడి పని రాశారు. దేశం నా దగ్గరికి ఆ విధంగా వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆమె మా వీధిలోనే ఉంటుంది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు. ఆమె నన్ను అన్నా అంటుంది, మాటల తొందరలో అది నా అయిపోతుంది, కూతురు మామా అంటుంది. ఆరో తరగతి నుంచి ఆ పిల్ల ముందు వరసలో కూర్చుని నా నాలుగు మాటలూ నోరు తెరుచుకుని వినేది. తర్వాత పిల్లలంతా మరిచిపోయి మిఠాయి కోసం పరిగెత్తేవాళ్ళు. ఆ పిల్ల మాత్రం మరిచిపోలేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్ళ కిందట ఆగస్టు పదిహేనున, జెండా వందనం అయ్యాక పిల్లలకు చక్కెర పొంగలి పెట్టాలి. నేను మైకు దగ్గర్నుంచి వస్తుంటే వంటపాక వైపు నుంచి మాడు వాసన వచ్చింది. కాళ్ళు వాటంతట అవే అటు తిరిగాయి. ఆమె గరిటెతో అడుగు గీకబోతోంది. గీకొద్దమ్మా అని, మెడల్స్ ఉన్న చొక్కాతోనే గుండిగ రెండు పక్కలా తడిగుడ్డలు పట్టి పొయ్యి మీంచి దించాను. ఎంతమందికి అని అడిగి, పైపొంగలిని ఇంకో గుండిగలోకి మార్పించి, మాడు అడుగును కదిలించనివ్వలేదు. వేరుగా పాకం పట్టించి, నెయ్యి తగలనిచ్చి కలిపించాను. మాడు వాసన పోయింది. ఆమె నా చేతుల వైపు చాలాసేపు చూసింది.

మరుసటి ఏడు ఎండలు మొదలైన రోజుల్లో, స్కూలు వదిలాక, ఆమె మా వసారాలోకి వచ్చి కూర్చుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న కూతురు సైన్యంలో పోలీసు విభాగానికి అర్జీ పెడుతోందట. ఆ పిల్ల కొన్ని నెలలుగా తెల్లవారి కాణిపాకం రోడ్డు మీద పరిగెత్తడం నేనూ చూశాను, ఒళ్ళు తగ్గడానికేమో అనుకున్నాను. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లి సంతకం కావాలి. నాలుగేళ్ళ కొలువు, ఆ తర్వాత ఉంచుకుంటారో పంపిస్తారో తెలియదు. ఎందుకే ఇది నీకు అంటే, మామ చెప్పినాడు కదా అందట.

అక్కడే నిజం చెప్పాల్సింది. అయినా అలవాటు ఊరుకోదు. గొంతు సవరించుకుని, దేశానికి సేవ చేసే అవకాశం అందరికీ రాదమ్మా అని మొదలుపెట్టాను. మంచు దాకా వచ్చాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“అది మైకులో చెప్పేది నా. అది నాకు నోటికొచ్చు. ఇన్నేండ్లుగా పొయ్యికాడ నిలబడి వింటానే ఉండా. నువ్వు ఆడ దినామూ ఏం పని జేస్తా ఉంటివో, అది చెప్పు.”

లోపల నా భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

“వంట జేస్తా ఉంటిని,” అన్నాను.

ఆమె ఆశ్చర్యపడలేదు. నువ్వు గుండిగ దించిన దినమే అనుకుంటి అంది. మామూలు మనిషైతే మాడిందని తిడతాడు, లేదంటే నీళ్ళు పోయమంటాడు, ఎంతమందికి అని అడిగేది వంటవాడే అంది. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, భుజం మీంచి ఏదో దించినట్టు తేలికగా అనిపించింది. ఆ తేలికను ఆమె ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

“ప్రాణం సంగతి నేను అడగను నా. రోడ్డు మీద బండి గుద్దినా పోతాది, వాళ్ళ నాయన అట్లే పోయినాడు. నేను దినామూ అంతమంది బిడ్డలకి పెడతా ఉండా. యా బిడ్డ తినింది, యా బిడ్డ తినకుండా పారబోసింది, నాకు కనపడతాది. నా బిడ్డ తినకుంటే ఆడ సూసేవాళ్ళు ఎవురు? అది తెలీకుండా యాడికని పంపేది?”

పదిహేడేళ్ళ కొలువులో నన్ను ఏ ఆఫీసరూ ఇంత సూటిగా అడగలేదు. నా జవాబు మీద ఆ కాగితం ఉంది, ఆ కాగితం మీద ఆ పిల్ల ఉంది. ఆమెను సమాధానపరిచే మాట ఒకటి చెప్పేసి పంపవచ్చు. ఆ పని పదకొండేళ్ళుగా చేస్తున్నాను.

అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. పొద్దునా రాత్రీ రొట్టెలుంటాయి, సంగటి ఉండదు, మొదటి నెల మన పిల్లలకు కడుపు నిండినట్టే ఉండదు అన్నాను. వంటవాళ్ళలో పళ్ళెం వైపే చూసేవాళ్ళు ఉంటారు, మొహం వైపు చూసేవాళ్ళు ఉంటారు, నీ బిడ్డకు ఎవరు దొరుకుతారో నేను చెప్పలేను అన్నాను. నాకు మొహం వైపు చూడటం ఎట్లా వచ్చిందో కూడా చెప్పాను. అది ఎవరికీ చెప్పని సంగతి.

నేను కొంతకాలం మంచుకొండల్లో ఒక శిబిరంలో ఉన్నాను. అంత ఎత్తులో గుండిగలో అన్నం ఉడకదు, కుక్కరు కావాలి, పప్పుకు సగం రోజు పడుతుంది. పైగా ఆకలే చచ్చిపోతుంది. వండినవాడికి అంతకన్నా నరకం లేదు. పై కాపలా పోస్టులో మూడు నెలలు చేసి దిగినవాళ్ళు అన్నం ముందు కూర్చుని గోడ వైపు చూసేవాళ్ళు. అందులో ఒక కుర్రవాడు, మనవైపు వాడు కాదు, వాడి భాష నాకు రాదు, మూడు రోజులు ఏమీ ముట్టలేదు. బలవంతం చేస్తే కక్కాడు.

నా పెట్టెలో బెల్లం దిమ్మ ఒకటి ఉంది. మొదటి సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు, తిరిగి బయలుదేరుతుంటే నాయన దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. మేమిద్దరం అప్పటికి సరిగ్గా మాట్లాడుకుని రెండేళ్ళయింది. మాడనీకు అన్నాడు, అంతే. ఆ తర్వాత ప్రతి సెలవుకూ ఒక దిమ్మ ఇచ్చేవాడు. ఆ దిమ్మ చితక్కొట్టి, శొంఠి వేసి, వేడినీళ్ళలో కాచి, చిన్న గ్లాసులో ఆ కుర్రవాడి దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. గ్లాసు నా చేతికిచ్చి తన భాషలో ఏదో అన్నాడు. మా అమ్మ ఇట్లాగే ఇస్తుంది అన్నాడని పక్కవాడు హిందీలో చెప్పాడు. సాయంత్రానికి రొట్టె తిన్నాడు. ఆ రోజు నుంచి నేను వడ్డిస్తూ మొహాలు చూడటం నేర్చుకున్నాను. తప్పు చేసి పారిపోయి సైన్యంలో చేరినవాణ్ణి, ఆ గ్లాసు తర్వాత అక్కడే ఉండిపోవాలనుకున్నాను. నా దేశభక్తి ఏదైనా ఉంటే అది ఆ గ్లాసులో ఉంది. మైకులో చెప్పడానికి అది చాలా చిన్నదనిపించేది.

ఆమె అంతా విని కవరులోంచి కాగితం బయటికి తీసింది. నా జేబులోని పెన్ను అడిగింది. తల్లి అని రాసిన చోట ఒక్కో అక్షరం ఆగి ఆగి సంతకం పెట్టింది. కాగితం కవరులో పెట్టుకుని లేచాక చెప్పింది.

“ఒకటి జెయ్ నా. ఈ ఆగస్టుకు మైకులో ఇదే చెప్పు. నా బిడ్డ నీ మాట ఇని పోతా ఉండాది. నిజం ఇని పోనీ.”

ఆగస్టు పదిహేను దాకా నాకు సరిగ్గా నిద్ర లేదు. తూటాల మధ్య పనిచేశానని పేరు తెచ్చుకున్నవాడికి మైకంటే భయం పట్టుకుంది. నా భార్యకు చెప్పాను. ఆమె చొక్కాకు గంజి ఎప్పటికన్నా ఎక్కువ పెట్టింది. మెడల్స్ గుచ్చుతూ, వంటకు కూడా ఇస్తారా ఇవి అని మొదటిసారి అడిగింది. ఇస్తారు, ఏ పని చేశామని కాదు, ఎక్కడ చేశామని చూస్తారన్నాను.

హెడ్మాస్టరు ఎప్పటిలాగే నన్ను తూటాలకు ఎదురు నిలబెట్టాడు. నేను మైకు అందుకుని, అయ్యవారు ప్రేమతో ఎక్కువ చెప్పారు, నేను సైన్యంలో వంటవాణ్ణి అన్నాను. తొమ్మిదో తరగతి వైపు నుంచి ఒక నవ్వు లేచింది. అది అన్ని వరసలకూ పాకింది. నా చెవులు వేడెక్కాయి. వంటపాక దగ్గర ఆమె గరిటె పట్టుకుని నిలబడి ఉంది, నవ్వలేదు. ఆమె వైపే చూస్తూ బెల్లం మాడ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. గ్లాసు దాకా వచ్చేసరికి నవ్వు లేదు. చివర్న ఏమైనా అడుగుతారా అన్నాను. అంతకుముందు పదకొండేళ్ళూ అదే అడిగాను, ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ రోజు చేతులు లేచాయి. మంచులో నీళ్ళు ఎట్లా తెచ్చేవాళ్ళు సార్, గుడ్లు గడ్డకట్టవా సార్, మీకు ఆకలేస్తే ఎవరు పెట్టేవాళ్ళు సార్. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. పొంగలి చల్లారిపోతోందని ఆమె కేకేసేదాకా ప్రశ్నలు ఆగలేదు.

ఆ రోజు నా భార్య కూడా వినడానికి వచ్చింది. ఇంటికి నడుస్తూ, మలుపు తిరిగాక, ఇంట్లో పెట్టిన సాంబారు సంగతి కూడా చెప్పాల్సింది అంది.

ఆ సాయంత్రం కూతురు వచ్చింది. పరుగులోనూ పరీక్షలోనూ గట్టెక్కింది, పిలుపు కోసం చూస్తోంది. నా మాటలు విని ఇంత దూరం వచ్చిన పిల్ల ఇప్పుడు ఏమంటుందోనని నాకు గుబులుగా ఉంది. నువ్వు వంట జేస్తా ఉంటివని మా యమ్మ సంతకం పెట్టిన దినమే చెప్పింది మామా అంది. మరి అన్నాను. పరిగెత్తేది మానలేదు కదా అని నవ్వింది. ఆ పిల్లకు నేను ఒక్క పనే చెప్పాను. అక్కడికి వెళ్ళాక నీకు అన్నం పెట్టేవాళ్ళ పేరు కనుక్కో, పేరుతో పిలువు అన్నాను. పదిహేడేళ్ళలో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు చాలా తక్కువ.

చలికాలంలో ఆ పిల్ల శిక్షణకు బెంగుళూరు వెళ్ళింది. అక్కడ ఫోన్లు తీసిపెట్టుకుంటారు, ఎప్పుడో కాని ఇవ్వరు. ఆ వారాల్లో తల్లి రోజూ వండుతూనే ఉంది, వడ్డిస్తూనే ఉంది. మనిషి మాత్రం సగమైంది. నువ్వు తింటున్నావా అని ఆమెను అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

జనవరి ఇరవయ్యారున జెండా వందనం అయ్యింది. నేను ఇప్పుడు మెడల్స్ తీసి జేబులో వేసుకుని వంటపాకలోకి వెళతాను, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఇద్దరం పొంగలి కలుపుతుంటే ఆమె ఫోను మోగింది. పండగని అక్కడ పిల్లలకు ఫోన్లు ఇచ్చారట. ఆమె తడి చేత్తోనే ఎత్తింది. తిన్నావా అని కాకుండా, ఎవురు పెడతా ఉండారు అని అడిగింది. అవతలి నుంచి పిల్ల గొంతు నాకూ వినబడుతోంది. జ్వరం వచ్చి రెండు రోజులు పడుకుందట. రొట్టె తినలేకపోతోందని చూసి, వంటాయన అడక్కుండానే గంజి కాచి, ఉప్పేసి పంపించాడట. ఆయన పేరు కనుక్కున్నానని మామకు చెప్పు అంది. పేరు చెప్పింది. ఎక్కడో ఉత్తరాది పేరు, తల్లికి నోరు తిరగలేదు, రెండుసార్లు పలికించుకుంది.

ఫోను పెట్టాక ఆమె పొయ్యి ముందు అట్లాగే నిలబడి ఆ పేరును మెల్లగా, తప్పుగా, ఇంకోసారి పలికింది.

“ఆయప్ప బాగుండాల నా. వాళ్ళమ్మ కడుపు సల్లగుండాల,” అంది.

నేను గరిటె వదిలేసి బయటికి వచ్చాను. జెండా కింద చామంతి రెక్కలు ఇంకా అట్లాగే పడి ఉన్నాయి. బెల్లం నీళ్ళు తాగిన ఆ కుర్రవాడు కూడా ఎప్పుడో ఒకరోజు ఇంటికి ఫోన్ చేసి ఉంటాడు కదా, నా పేరు అడిగి ఉంటే ఎక్కడో ఒక వంటింట్లో ఒక తల్లి దాన్ని ఇట్లాగే తప్పుగా పలికి ఉండేది కదా అనిపించింది. ఏడుపొచ్చింది. చుట్టూ పిల్లలున్నా ఆపుకోలేదు.